తక్కిన పాటలు

దుకాణం తెరిచిన రోజున ఆత్మారాం చేతిలో ఉన్నవి పాటలు నింపే ఒక పాత టేపు డెక్కు, కొన్ని ఖాళీ క్యాసెట్లు, ఒక ఉపాయం.

మొత్తం క్యాసెట్ ఎవరు కొంటారు? అడిగిన పాటలే ఏరి నింపి ఇస్తే సరి.

ఉపాయం పారింది. బోధన్‌లో ఏ ఊరేగింపులోనైనా అతను నింపిన పాటలే మోగేవి.

తర్వాత సెల్‌ఫోన్లొచ్చాయి. ఎవరికి నచ్చిన పాట వాళ్లే డౌన్‌లోడ్ చేసుకుంటున్నారు. గిరాకీ లేదు.

క్యాసెట్లన్నీ తూకానికి వేసేద్దామనుకుంటున్న రోజుల్లో, నిజామాబాద్ బస్సు దిగి భోజన్న అనే ముసలాయన వచ్చాడు.

"గీ క్యాసెట్ ఇయ్యి సేటు."

"గిండ్ల నడిచేది ఒక్కటే పాట పెద్దన్నా. తక్కినయి ఎవలింటరు?"

"తక్కిన పాటలేం పాపం జేసినయి?"

"అయితే నువ్వే అచ్చి దుకాణంల కూసో. నీ అసుంటి గిరాకీ ఇంకొగలు దొరకరు!"

ఆత్మారాం నవ్వాడు. భోజన్న కూడా నవ్వాడు.

"మా ఇంటామె బీడీలు జేస్తది. తంబాకు చేతులతోని పాటపాటకు ఫోన్ ఒత్తుతదా? ఒక్కపారి పెడితె పొద్దుమూకెదాక మోగాలె. మీ బోధన్ల బీడీలు జేసేటోళ్లు లేరా? మొత్తం క్యాసెట్లే గా చిన్న కార్డుల నింపియ్యరాదు?"

ఆత్మారాం ఆ మాట పట్టుకున్నాడు. వరుస చెడకుండా క్యాసెట్లకు క్యాసెట్లే మెమొరీ కార్డుల్లోకి ఎక్కించాడు. బీడీలు చుట్టే ఆడవాళ్లు ఊళ్లకు ఊళ్లే వచ్చారు. దుకాణం నిలబడింది.

భోజన్న మళ్లీ రాలేదు.

ఆయన కోసం ఒక కార్డు నిండా పాటలు నింపుకుని, ఆత్మారాం నిజామాబాద్ వెళ్లి వాకబు చేసి ఇల్లు పట్టుకున్నాడు. ఆయన భార్య ఈరవ్వ చాట ముందేసుకుని బీడీలు చుడుతోంది.

"పెద్దల అమాస ముంగటనే పోయిండు బిడ్డా."

ఆత్మారాం గడపలోనే కూర్చున్నాడు. "నన్ను బతికిచ్చిండు అవ్వా. పాటల సంగతి గంత ఎట్లెరుక ఆయనకు?"

"మాది క్యాసెట్ల దుకాణమే ఉండె. బోధన్ల ఎవలో పాటలు ఏరి నింపుడు షురూ జేసిండట. అటుదిక్కు గిరాకంత ఆయన దిక్కే మర్లింది. మాది మూతవడ్డది. గప్పటిసంది నేను చాట వట్టిన."

ఆత్మారాం చేతిలోని కార్డు వంక చూశాడు. "ఆ మనిషి ఎవలో ఆయనకెరుకనా?"

"ఎరుక లేకేం? గా దుకాణం సుత మునుగుతున్నదని ఇన్నడు. 'నా లెక్క ఇంకొగడు కావద్దే' అనుకుంట బస్సెక్కిండు."

ఆత్మారాం ఆమెకు రెండు చేతులూ జోడించాడు.

మొదట ఆయన గిరాకీతో, తర్వాత ఆయన ఉపాయంతో, తన దుకాణం రెండుసార్లూ ఆ మనిషి సొమ్ముతోనే నిలిచింది.