ఎత్తొద్దన్నా!

మిష్రిఫ్ మైదానంలో రగ్బీ లీగ్ ఫైనల్. కొత్త క్లబ్బు కెప్టెన్ హర్షను ఆపబోయిన పాత క్లబ్బు ఆటగాడు జునైద్ తలకిందులుగా పడి, లేవలేదు.

పాత క్లబ్బు కోచ్ మహబూబ్ పరుగెత్తాడు. పడింది అతని తమ్ముడు.

"లెయ్‌రా జునైదూ! ఎత్తండి వాణ్ణి!"

"ఎత్తొద్దన్నా! మెడ కదిలితే ప్రమాదం," అని అరిచాడు హర్ష.

గీత దాటితే కప్పు తమదే అయినా, హర్ష బంతి వదిలేసి వచ్చాడు. జునైద్ తలను రెండు చేతులతో కదలకుండా పట్టుకున్నాడు.

"అన్నా, నా కాళ్లు నాకు తెలీడంల్యా," అన్నాడు జునైద్.

మహబూబ్ చాచిన చేతులు వెనక్కి తీసుకున్నాడు. ఇన్నేళ్లూ దెబ్బ తగిలిన ప్రతివాణ్ణీ తనే లేపి నిలబెట్టాడు.

అంబులెన్సులోకి ఎక్కిస్తుంటే జునైద్ కాలివేళ్లు కదిలాయి.

"ఆట ఖలాస్. కప్పు వాళ్లకే ఇయ్యండి," అని రిఫరీతో చెప్పి, మహబూబ్ హర్ష చెయ్యి పట్టుకున్నాడు.

"తల ఎట్ల పట్టుకోవాల్నో మా పిల్లోళ్లకు నేర్పు నాయనా. ముందు నాకు నేర్పు."