ఎడమ చక్రం

కారు మళ్లీ ఎడమకి లాగింది.

టీచరు స్టీరింగ్ గట్టిగా పట్టుకుని సరిచేసింది. ఆరు నెలలుగా ఇదే వరస. చెయ్యి కాస్త సడలితే చాలు, బండి రోడ్డు అంచుకు పోతుంది.

చక్రాల అలైన్‌మెంట్ చేయించమని భర్త చెబుతూనే ఉన్నాడు. ఇవాళ, రేపు అంటూ ఆమె దాటేస్తూ వచ్చింది. మెకానిక్ కనిపెట్టేస్తాడని భయం.

పోయిన వానాకాలం ఓ సాయంత్రం ఆమె కారు ఒక సైకిల్‌ని గుద్ది, ఆ ఊపులోనే అంచు రాయి ఎక్కి దిగింది. ఆమె ఆపలేదు. అద్దంలో కూడా చూడలేదు. పడ్డది ఎవరో, బతికారో లేదో తెలియదు. ఆ మర్నాటి నుంచి పేపరు ముట్టుకోవడం మానేసింది.

ఈ ఉదయం మాత్రం బండి మరీ ఊగిపోతోంది. వెనక సీట్లో రెండేళ్ల కూతురు నిద్రపోతోంది. గత్యంతరం లేక, ఊళ్లో అలైన్‌మెంట్ మెషీన్ ఉన్న ఒకే ఒక్క షాపు ముందు ఆపి, పాపని భుజాన వేసుకుని దిగింది.

మెకానిక్ నడివయసు మనిషి. బండిని ర్యాంపు ఎక్కించి, ఎడమ ముందు టైరు లోపలి అంచు మీద వేళ్లు పెట్టి అలాగే ఉండిపోయాడు.

“దేనికి తగిలిందమ్మా?”

“రాయికి.”

“ఎప్పుడు?”

“గుర్తులేదు.”

అతను చక్రం వెనక టార్చి వేసి చాలాసేపు చూశాడు. ఇరుసుకు చుట్టుకున్న గుడ్డ పీలికేదో లాగాడు. నల్లగా మట్టి కొట్టుకుపోయి ఉంది. వేళ్ల మధ్య నలిపి చూసి జేబులో పెట్టుకున్నాడు.

“రాయి ఒక్కటే కాదమ్మా.”

పనుంది, మళ్లీ వస్తానంటూ ఆమె తాళం అడిగింది. అతను ఇవ్వలేదు.

“ఈ బండి ఇక్కణ్ణించి కదలదు. కూర్చోండి.”

తాళంతోనే లోపలికెళ్లి ఫోను చేశాడు. గాజు తలుపు అవతల పెదాలు కదులుతున్నాయి, మాట వినిపించడం లేదు. పోలీసులకే అనుకుంది. పాపతో సహా పారిపోదామంటే తాళం అతని దగ్గరే ఉంది. భర్తకి ఏం చెప్పాలి? రేపు క్లాసులో పిల్లల ముందు ఏ మొహం పెట్టుకుని నిలబడాలి?

అరగంటకి ఆటో ఒకటి వచ్చి ఆగింది. ఆమె కళ్లు గట్టిగా మూసుకుంది.

తెరిచేసరికి ఆటోలోంచి కొత్త టైరు దించుతున్నారు.

మెకానిక్ పాత టైరు దొర్లించుకొచ్చి చూపించాడు. బయటి అంచు కొత్తదానిలానే ఉంది. లోపలి అంచు అరిగి అరిగి తీగలు తేలాయి.

“ఇంకో రెండు రోజులు తిప్పితే పేలేది. మీతో పాప కూడా ఉంది.”

చక్రాన్ని తిప్పే టై రాడ్ వంగి ఉంటే మార్చాడు. మెషీన్ తెర మీద ఎర్ర అంకెలన్నీ పచ్చగా మారేదాకా వదల్లేదు. నట్లన్నీ రెండేసిసార్లు బిగించాడు. చివరికి తాళం ఆమె చేతిలో పెట్టాడు.

“తిన్నగా పోతుంది. నెమ్మదిగా వెళ్లండమ్మా.”

బండి తిన్నగానే పోతోంది. ఆమెకే కునుకు పట్టడం లేదు. కాలింగ్ బెల్ మోగితే ముందు కిటికీ సందులోంచి చూస్తోంది. పది రోజులు గడిచినా ఎవరూ రాలేదు.

పదకొండో రోజు ఇక ఆ భయాన్ని మొయ్యలేక షాపుకు బయల్దేరింది. సంగతి తెలిసినవాడు అతనొక్కడే. అంతా ఒప్పుకుని, అతన్నే తోడు తీసుకుని స్టేషనుకి వెళ్దామనుకుంది.

అతను లేడు. మీ బండి చేసిన సాయంత్రమే మానేశాడని యజమాని చెప్పాడు. ఇల్లు కూడా ఖాళీ చేశాడట. ఎక్కడికి వెళ్లాడో ఎవరికీ తెలియదు.

“ఇంత మంచి పనివాణ్ణి ఎలా వదులుకున్నారండీ?” అంది ఆమె, ఏమనాలో తోచక.

“అసలతను మెకానిక్కే కాదమ్మా, దర్జీ,” అన్నాడు యజమాని. “పోయిన వానల్లో వాళ్లావిడ సైకిల్ మీద వస్తుంటే ఎవరో గుద్ది చంపేసి పోయారు, అంచు రాయి ఎక్కిన ఆ కారు చక్రం వంగే ఉంటుంది, ఎప్పటికైనా ఈ మెషీన్ మీదికి రాక తప్పదని, కుట్టు మిషన్ అమ్మేసి వచ్చి నా దగ్గర ఈ పని నేర్చుకున్నాడు.”