మెలికల పురుగు

యూరియా లారీ వచ్చిందని తెలిసి చుట్టుపక్కల ఊళ్ళన్నీ కేసముద్రం గోదాం ముందే వరస కట్టాయి. నత్రజని కోసం నత్తనడక.

"ఇయ్యాల లోడు ఆ యాపచెట్టు దాకనే అందుతది" అని గుమస్తా ముందే చెప్పేశాడు. సరోజన నిలబడింది చెట్టుకు చాలా అవతల. పిలకలేసే వరి పసుపెక్కిపోతోంది. ఇవాళ బస్తా దొరక్కపోతే ఈ పంట మీద ఆశ వదులుకోవాల్సిందే.

అప్పుడొచ్చాడు తెల్లచొక్కా మనిషి. చేతిలో నల్లపొడి ప్యాకెట్. ఎవరో వ్యవసాయం సారు కాబోలనుకున్నారు.

"గిది అజోస్పిరిల్లం. మరమేకు లెక్క మెలి తిరిగిన సూక్ష్మజీవి. తోక తిప్పుకుంట ఈదుకుంట పోయి వరివేరు కాడ కాపురం వెడతది. వేరు ఇడిసే తీపి తింటది. గాలిల నత్రజని పట్టి పైరుకు కిరాయి కడతది."

సూక్ష్మంలో మోక్షమంటే ఇదేనేమో అని జనం చెవులొగ్గారు.

"కంటికి కనవడనిది కడుపెట్ల నింపుతది సారూ?" చెట్టు కిందున్న జైసింగ్ అడిగాడు.

"గాలి కనవడ్తదా? పీలుస్తలేవా?"

"పసుపెక్కిన చేనుకు పనిచేస్తదా సారూ?" సరోజన వెనక నుంచి గొంతు పెంచింది.

"పశువుల ఎరువుల కలిపి చల్లమ్మా. వేర్లు కొత్తగ పారుతయి."

"నిజమే. మా ఆడబిడ్డ గిదే చల్లింది. చేను నల్లగ నిగనిగలాడుతున్నది" అంది సరోజన అందరూ వినేలా. "గివి యాడ దొరుకుతయి?"

"మానుకోటల. ఇయ్యాల్టికే ఐపోతయో ఏమో."

యూరియా వరసలో నిలబడ్డవాళ్ళ చెవిన 'ఐపోతయి' అన్న మాట పడ్డాక ఇంకెవరు ఆగుతారు? మెలి తిరిగిన పురుగు కోసం వరసంతా మెలి తిరిగి ఆటోల్లోకెక్కింది. చెట్టు దాకా ఖాళీ.

"నువ్వు రావా అక్కా?" ఆటోలోంచి జైసింగ్ తల బయటపెట్టాడు.

"మోకాళ్ళు గుంజుతున్నయి తమ్మీ. మీరు పోన్రి, ఎన్క ఒస్త."

గుమస్తా రెండు బస్తాలు బయట వేయించాడు. "ఎట్ల తీస్కపోతవమ్మా?"

"మోసేటోడు ఉన్నడు."

తెల్లచొక్కా మనిషి మోపెడ్ బండి తెచ్చి బస్తాలు ముందర పెట్టుకుంటే, సరోజన వెనక ఎక్కి భుజం పట్టుకుని, "ఇగ పా రిషిత బాపూ, పిల్ల బడి నుంచి ఒచ్చే యాళ్లయింది" అంది.