వంకర దూలం

“ఆ సున్న ఏ చేత్తో రాసినావు?”

జయరామయ్య కుడిచెయ్యి చూపించాడు. యెహోషువ దాన్ని బల్లకేసి అదిమి, రివెట్లు కొట్టే సుత్తితో ఒక్క దెబ్బ వేశాడు. రెండు వేళ్ళు నుజ్జయ్యాయి. ఆదివారం మధ్యాహ్నం. డ్రాయింగు ఆఫీసులో ఆ అరుపు వినడానికి మూడో మనిషి లేడు.

చిల్లకూరు అవతల ఉప్పుటేటి మీద నడక వంతెన కూలి నెలైంది. నలుగురు కూలీలు పోయారు. కొత్త వంతెన మీద ముందుగా నడవాలని ముచ్చటపడ్డ యెహోషువ భార్య రెబెక్కమ్మా పోయింది.

“ఎట్టా చచ్చిందో నాకర్థమయ్యేట్టు చెప్పు.”

“రెండు పక్కలా సమంగా ఉండే దూలానికి ప్రాడక్ట్ ఆఫ్ ఇనర్షియా అనే అంకె సున్నన్నా. బరువేస్తే నేరుగా కిందికే వంగుతుంది. మనం వేసింది ఎల్ ఆకారం దూలం, వంకరది. కిందికి నొక్కితే పక్కకీ పోతుంది. ఎంత పోతుందో లెక్క కట్టాల్సిన చోట సున్న పడింది.”

“పడిందా? దానంతటదే వచ్చి పడిందా?”

“రాసినా. నేనే రాసినా.”

“నీ పక్క బల్లమీద ఎనిమిదేళ్ళు లెక్కలు కట్టిందిరా నా పెళ్ళాం! ఆ లెక్కల పుస్తకం యాడుంది?”

“కాల్చేసినా.”

బల్లమీద అగ్గిపెట్టె ఉంది. “తెలివైనోడివే,” అంటూ యెహోషువ అతని గొంతు పట్టుకున్నాడు.

“ఊపిరి... అన్నా...”

చర్చి పలకమీద కీర్తనల నంబర్లు రాసేది రెబెక్కమ్మే. సున్నని పైన కలిపేది కాదు. “మూత పెట్టమ్మా, ఈగలు పడతాయి,” అని పాస్టరుగారు ఎగతాళి చేస్తే, “దానికి ఊపిరాడొద్దా అయ్యగారూ?” అనేది. ఆమె చివరిసారి రాసిన నూటపదిని యెహోషువ నెలగా ఎవర్నీ తుడవనివ్వలేదు.

అతను గొంతు ఇంకా బిగించాడు. పెనుగులాటలో చొక్కా చిరిగి, జయరామయ్య కడుపుకి కట్టుకున్న లెక్కల పుస్తకం కింద పడింది.

“కాల్చినావా? దొంగనాకొడకా!”

జయరామయ్య గొంతు విడిపించుకోలేదు. చితికిన చేత్తో పుస్తకం కోసం దేవులాడాడు. సుత్తి ఈసారి కణతమీద పడింది. అతను మళ్ళీ కదల్లేదు.

పోలీసులకు చూపించడానికి యెహోషువ నెత్తుటి వేళ్ళతో వంతెన దూలం పేజీ వెతికి తీశాడు.

ఆ సున్నకి మూత లేదు.