షిప్ క్యాన్సిల్

"మరీ మెతక. నాకొద్దు," అంది ప్రత్యూష, పెళ్లిచూపుల్లో మొహం మీదే. భానుప్రకాష్‌కి ఇది ఆరో సంబంధం.

తిరిగి పోర్ట్ బ్లెయిర్ వెళ్ళిపోదామంటే తుపాను. ప్రత్యూష వాళ్ల ఊరు మాయాబందర్ నుంచి షిప్పులూ బస్సులూ ఆగిపోయాయి. వద్దన్న పిల్ల ఇంట్లోనే, వాళ్ల నాన్న లుంగీ కట్టుకుని, ఆమె వడ్డించిన చేపల పులుసు తలొంచుకుని తినాల్సొచ్చింది.

రోజూ ప్రత్యూషే జెట్టీకి వెళ్ళి కనుక్కొచ్చేది. "ఆజ్ భీ క్యాన్సిలేనటండీ."

నాలుగోరోజు ఎండ కాసింది. ఉండబట్టలేక తనే వెళ్ళాడు.

"నిన్నా వెళ్ళింది భయ్యా షిప్పు. ఇవాళా ఉంది. మీకోసం అడగడానికొచ్చే దీదీకి రోజూ చెబుతూనే ఉన్నా కదా!" అన్నాడు కౌంటర్‌లో మనిషి.

తిరిగొచ్చేసరికి ప్రత్యూష గుమ్మంలో ఉంది, మొహం పాలిపోయి. "ఏమన్నారు?"

పుట్టి బుద్ధెరిగి ఒక్క అబద్ధమూ ఆడని భానుప్రకాష్ చెప్పులు విప్పాడు.

"ఆజ్ భీ క్యాన్సిలేనటండీ."