కమాన్ పట్టీలు

"ఎనక చక్రాల మీది స్ప్రింగుల్లో రెండు కమాన్ పట్టీలు పీకెయ్యి," అంటూ ఓబుళేశు పాత పికప్ తాళం బల్ల మీదికి విసిరాడు.

మెకానిక్ ఫిరోజ్‌కు ఒళ్లు మండింది. "మంగంపేట గని రాళ్లు శానా మోయాలని, నేనొద్దంటున్నా నువ్వే ఎక్కువ ఏయించుకుంటివి. ఇప్పుడు పీకాల్నా? మరి ఏం తోల్తావు, కోడిగుడ్లా?"

"మంచమేస్తా. నీ పని నువ్వు చెయ్యప్పా!"

"మంచంలో ఎవుర్ని పండబెడతావు, నన్నా?"

"నా కొడుకుని!" ఓబుళేశు అరిచాడు. "రాళ్ల మీద కూర్చోబెట్టి తోల్తే కిందపడి నడుము ఇరగ్గొట్టుకున్యాడు. ఆస్పత్రికి తీస్కపోతాంటే ఆ పట్టీల బిగువుకి గుంత గుంతకీ బండి ఎగిరెగిరి పడతాండాది. వాని అరుపులు ఇనలేను."

ఫిరోజ్ రెంచీ తీసుకుని బండి కిందికి దూరాడు.

ఆ పట్టీలు వేసిన రోజు తను బిగించిన నట్లు ఎంత తిప్పినా ఊడిరాలేదు.