మాల్యాద్రి చుట్టల కట్ట

“ఇంకో సూది వెయ్యమ్మా, నీకు పుణ్యముంటది,” అని అలివేలమ్మ మంచం ఊచ పట్టుకుని డాక్టరమ్మను బతిమాలింది.

తుంటి ఎముకకు నిన్ననే ఆపరేషన్ అయింది. మార్కాపురంలోని ఆ ఆసుపత్రిలో పక్క మంచాలవాళ్లు సూది పడగానే హాయిగా నిద్రపోతున్నారు. అలివేలమ్మకు మాత్రం కాసేపటికే నొప్పి తిరగబెడుతోంది. కాళ్ల దగ్గర కూర్చున్న మాల్యాద్రి, పెళ్లాం పాదం నిమరడం తప్ప ఏం చేయగలడు పాపం.

డాక్టర్ పద్మజ, అలివేలమ్మ కొడుకు ప్రకాష్ వైపు తిరిగింది. “ఈమెకు పొగాకు అలవాటుందా?”

“మా అమ్మకా?” ప్రకాష్ తండ్రిని కొరకొరా చూశాడు. “ఆ వైభోగం మా నాయనది మేడం. ఇల్లంతా చుట్ట కంపే.”

“నేను కాపురానికొచ్చిన కొత్తలో ఆ వాసనకు వాంతి చేసుకున్నా,” అంది కోడలు రాధిక. “అప్పుడే అత్తమ్మ మామను చీపురు తీసుకుని పెరట్లోకి తరిమింది. పొగంటే అంత గిట్టదు ఆమెకు.”

“ఎందుకడిగానంటే, ఏళ్ల తరబడి పొగాకు వాడితే, నొప్పిని అణచడానికి మెదడులో ఉండే ఏర్పాటు మొద్దుబారుతుంది. మా సూదిమందు పనిచేసేదీ అక్కడే. ఇక సరిగ్గా పట్టదు. ఉన్నట్టుండి మానేస్తే నొప్పి ఇంకా ఎక్కువవుతుంది. అలవాటుందని తెలిస్తే వైద్యం వేరేగా చేస్తాం. తెలియకుండా ఇదే మందు పెంచితే ఊపిరికే ప్రమాదం.”

మాల్యాద్రి లేచాడు. “అమ్మా, అదీ...”

“నువ్వు గమ్మునుండయ్యా,” అలివేలమ్మ అతని మణికట్టును గోళ్లు దిగేలా పట్టుకుంది. “నొప్పి నాది. నేను ఓర్చుకుంటా.”

డాక్టరమ్మ అతన్ని జాలిగా చూసింది. “ఎప్పటినుంచి ఈ అలవాటు?”

“దోర్నాల అడవికి జీవాలు తోలుకుని పోయినప్పుడు, పంటినొప్పికి మొదలైంది,” మాల్యాద్రి తలొంచుకున్నాడు. “మొదటి చుట్ట నేనే తెచ్చినా. తప్పు నాదే.”

“సరే, ఇంతకంటే మందు పెంచలేను,” అని ఆమె వెళ్లిపోయింది. మాల్యాద్రి రెండడుగులు వెంటపడ్డాడు. వెనక నుంచి అలివేలమ్మ “ఏమయ్యా” అని మూలిగింది. ఆగిపోయాడు.

ప్రకాష్‌కు ఒళ్లు మండిపోయింది. “ఆ కట్ట ఇట్లియ్యి నాయనా.”

మాల్యాద్రి తువ్వాలు కొంగు ముడి విప్పి చుట్టల కట్ట తీసిచ్చాడు.

“అగ్గిపెట్టె?”

“నా కాడ లేదు.”

“ఎవర్నో ఒకర్ని అడుక్కుంటావులే,” అంటూ ప్రకాష్ కట్టను చెత్తబుట్టలోకి విసిరాడు. అలివేలమ్మ కళ్లు కట్ట వెంటే పోయాయి. “నీ పొగ పీల్చీ పీల్చీ అమ్మకు ఈ గతి పట్టిందేమో. ఇంక ముట్టనని అమ్మ తలమీద చెయ్యి పెట్టి చెప్పు.”

మాల్యాద్రి చెయ్యి చాచి భార్య తలమీద పెట్టాడు. ఆమె కళ్లనిండా నీళ్లు. అతనికీ ఏడుపొచ్చింది.

“ఇంక చుట్ట ముట్టను,” అన్నాడు.

అలివేలమ్మ పెదవి కొరుక్కుని గోడవైపు తిరిగింది. ఆమె మూలుగు వరండా దాకా వినిపిస్తూనే ఉంది.

మాల్యాద్రి జన్మలో ఒక్క చుట్ట కాల్చి ఎరగడు.